ఊరు మునిగింది... పట్టా నిలిచింది

అయిదేళ్లు కష్టపడి చదివిన పట్టా చేతికొచ్చాక, అది చెల్లదంటే ఆ కుర్రవాడి గతేమిటి? 2005లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో ఒక తుపాను ఈ ప్రశ్నను తెచ్చిపెట్టింది.

ఒకవైపు మిసిసిపీ నది, మరోవైపు పెద్ద సరస్సు. వాటి నడుమ న్యూ ఆర్లియన్స్. ఊళ్లో చాలా భాగం సముద్ర మట్టం కంటే పల్లం. కరకట్టలే దానికి కాపుదల. 2005 ఆగస్టు 29న కత్రినా తుపాను విరుచుకుపడింది. ఉప్పెన నీటి ఒత్తిడికి కట్టలు, కాలువ గోడలు తెగిపోయాయి. నగరంలో నూటికి 80 పాళ్లు నీట మునిగింది. ఆ తుపానుకు వెయ్యి మందికి పైగా బలయ్యారు. 1977లో దివిసీమను చూసిన వారికి ఆ కష్టం వేరే చెప్పనక్కర లేదు.

దిగిన రోజే తిరుగు ప్రయాణం

1834లో పుట్టిన టులేన్ విశ్వవిద్యాలయం ఆ ఊరిదే. తుపానుకు రెండు రోజుల ముందు, శనివారం నాడు, కొత్త విద్యార్థులు పెట్టె బేడాతో హాస్టళ్లలో దిగారు. ఆ రోజే వారిని వెళ్లిపొమ్మన్నారు. తర్వాత ఆవరణలో మూడింట రెండు వంతులు నీట మునిగింది. ఆ అర్ధ సంవత్సరం పాఠాలే లేవు. విద్యార్థులు దేశమంతటా చెదిరిపోయి, చోటిచ్చిన కళాశాలల్లో చేరారు.

మెట్టు తప్పితే చిక్కే

అక్కడే ఆర్కిటెక్చర్ విద్యార్థులకు చిక్కు వచ్చింది. ఇళ్లకు, భవనాలకు నమూనాలు గీసే చదువు అది. అమెరికాలో ఆ కోర్సులను పరిశీలించి గుర్తింపు ఇచ్చేది 1940లో ఏర్పడిన నేషనల్ ఆర్కిటెక్చరల్ అక్రెడిటింగ్ బోర్డు. గుర్తింపు ఉన్న పట్టా లేనిదే చాలా రాష్ట్రాల్లో లైసెన్సు దొరకదు. మన దేశంలోనూ 1972 నాటి చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదైతేనే ఆర్కిటెక్టు అనిపించుకోవాలి.

బోర్డు తరఫున వచ్చేవారు పుస్తకాల లెక్క చూసి వెళ్లరు. విద్యార్థులు గీసిన పటాలు, చేసిన నమూనాలు ముందు పెట్టించుకుని చూస్తారు. ఈ చదువుకు ప్రాణం స్టూడియో. ఒక టర్ములో నేర్చిన దానిపై మరుసటి టర్ము నిలుస్తుంది. నిచ్చెనలో ఒక మెట్టు ఊడితే పైమెట్టు అందదు. తలో ఊళ్లో తలో తీరున నేర్చి వచ్చిన వారిని మళ్లీ ఒకే వరుసలో నిలబెట్టాలి. అదీ సమస్య.

కొసరు టర్ము

2006 జనవరి 17న విశ్వవిద్యాలయం తిరిగి తెరిచారు. పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది తిరిగి వచ్చారు. వెనుకబడిన చదువు పూర్తి చేసుకునేందుకు ఆ వేసవిలో ఏడు వారాల అదనపు టర్ము నడిపారు. దానికి పెట్టిన పేరు ‘లాన్యాప్’. ఆ ప్రాంతపు దుకాణాల్లో బేరమయ్యాక చేతిలో పెట్టే కొసరును అలా అంటారు.

అన్ని శాఖలకూ ఆ అదృష్టం పట్టలేదు. డబ్బు చాలక 2005 డిసెంబరులో సివిల్, మెకానికల్ వంటి ఇంజనీరింగ్ శాఖలను మూసివేయాలని నిర్ణయించారు. వందల మంది అధ్యాపకుల ఉద్యోగాలు పోయాయి. ఆర్కిటెక్చర్ బడి మిగిలింది.

ఆ బడి డీన్ రీడ్ క్రోలాఫ్ నగర పునర్నిర్మాణ ప్రణాళిక చర్చల్లో పాలు పంచుకున్నారు. విద్యార్థులు ‘అర్బన్ బిల్డ్’ పేరిట పని మొదలుపెట్టారు. ఒక టర్ములో ఇంటికి నమూనా గీయడం, మరుసటి టర్ములో సుత్తి పట్టి ఆ ఇంటిని తామే కట్టడం. మొదటి ఇల్లు 2006లో లేచింది. నీట మునిగిన ఊరే వారికి పాఠమైంది.

బడికి గుర్తింపు పోలేదు. కూలిన గోడలు, తడిసిన పుస్తకాలు నష్టాల పట్టీకి ఎక్కుతాయి. తెగిన చదువు ఏ పట్టీకీ ఎక్కదు. టులేన్‌లో దాన్ని కూడా లెక్కలో వేసుకున్నారు. అందుకే ఆ పిల్లల పట్టాలు చెల్లుబాటయ్యాయి.