తొలి రికార్డుకు గోల్డ్‌బర్గ్ ఎందుకు?

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో ఒక కుర్ర పియానిస్టు మొదటి సోలో రికార్డు వస్తోందంటే అందులో ఏముంటుందో చాలావరకు ముందే చెప్పేయవచ్చు. కొంత షోపాన్, కొంత లిస్ట్, నడుమ ఒక బీతోవెన్ సొనాటా, చివర్లో వేళ్లు కనబడనంత వేగంగా సాగే రచన ఒకటి. తనకు ఏమేం వచ్చో లోకానికి చూపించుకునే పద్ధతి అది. అందులో తప్పు లేదు. కాకపోతే అలాంటి రికార్డుల్లో చాలావాటిని పదేళ్లు తిరిగేసరికి ఎవరూ అడగరు. 1956 జనవరిలో కొలంబియా కంపెనీ విడుదల చేసిన ఒక ఎల్పీని మాత్రం జనం ఇప్పటికీ వింటున్నారు, దాని మీద వాదులాడుకుంటూనే ఉన్నారు. వాయించినవాడు కెనడాలోని టొరంటోకు చెందిన గ్లెన్ గూల్డ్. రికార్డింగ్ జరిగేనాటికి అతనికి 22 ఏళ్లు. రికార్డులో ఉన్నది ఒక్కటే కృతి: బాఖ్ రాసిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్.

అంతకుముందు 1953లో కెనడాలోనే ఒక చిన్న కంపెనీకి గూల్డ్ కొంత వాయించాడు గానీ, అందులో వయొలిన్‌తో కలిసి వాయించినవీ ఉన్నాయి. పూర్తిగా తన ఒక్కడిదే అయిన రికార్డు, ప్రపంచమంతా విన్న రికార్డు ఇదే. 1955 జనవరి 11న న్యూయార్క్ టౌన్ హాల్‌లో అతని కచేరీ జరిగింది. హాలు నిండలేదు. కానీ వచ్చినవాళ్లలో కొలంబియా అధికారి డేవిడ్ ఒపెన్‌హైమ్ ఉన్నాడు. మర్నాడే ఒప్పందం మాట కదిపాడు. ఆ కచేరీలో కూడా షోపాన్ లేడు, లిస్ట్ లేడు. గిబ్బన్స్, స్వీలింక్ లాంటి పాతకాలపు స్వరకర్తలు ఒక పక్క, వెబర్న్, బెర్గ్ లాంటి ఇరవయ్యో శతాబ్దం వాళ్లు మరో పక్క. నడుమ బాఖ్, బీతోవెన్. మనిషి తీరు అక్కడే తెలిసిపోయి ఉండాలి. అయినా గోల్డ్‌బర్గ్ పేరు చెప్పేసరికి కంపెనీ వాళ్లు జంకారు. బాఖ్‌దే కావాలంటే చిన్న రచనలు, ఇన్వెన్షన్లు వాయించవచ్చు కదా అన్నారు. గూల్డ్ పట్టు వదల్లేదు.

వాళ్ల జంకుకు కారణం ఉంది. గోల్డ్‌బర్గ్ అచ్చయింది 1741లో. బాఖ్ దాన్ని రాసింది పియానోకు కాదు, రెండు వరసల మెట్లుండే హార్ప్సికార్డ్‌కు. ఒక చెయ్యి పై వరస మీద, రెండో చెయ్యి కింది వరస మీద నడిచేలా రాసిన భాగాలు ఇందులో చాలా ఉన్నాయి. పియానోకు ఉన్నది ఒకే వరస. అలాంటి చోట్ల రెండు చేతులూ ఒకే జాగా కోసం కొట్టుకుంటాయి, ఒకదాని మీదుగా ఒకటి దూకాల్సి వస్తుంది. 1933లో వాండా లాండోవ్‌స్కా దీన్ని హార్ప్సికార్డ్ మీదే రికార్డు చేసింది. పియానో మీద వాయించినవాళ్లు అసలు లేకపోలేదు, తక్కువ. మామూలు శ్రోత దృష్టిలో అది పండితుల సరుకు.

ఇంతకీ ఈ కృతి కట్టుబడి ఏమిటి? మొదట ‘ఆరియా’ అనే చిన్న, నెమ్మదైన రచన వస్తుంది. దాని వెంట 30 వేరియేషన్లు. చివర మళ్లీ అదే ఆరియా. మన కచేరీల్లో పల్లవికి సంగతులు వేస్తూ పోవడం తెలిసినవాళ్లకు ఇది సగం అర్థమైనట్టే. మిగతా సగంలోనే తిరకాసు ఉంది. సంగతుల్లో సాహిత్యం, పాట ముఖం గుర్తుపట్టేలానే ఉంటాయి. ఇక్కడ ఆరియా పైపాట మొదటి వేరియేషన్‌లోనే మాయమవుతుంది. బాఖ్ పట్టుకు వేలాడేది అడుగున నడిచే మంద్రస్వరాల వరసను. ఆ పునాది మీద 30 సార్లు 30 రకాల ఇళ్లు కట్టాడు. ఒకటి నాట్యగతి, ఒకటి ఒకే వరసను పలు గొంతులు వంతులవారీగా అందుకునే ఫ్యూగ్, ఒకటి వేళ్లకు పరీక్ష.

పైగా ప్రతి మూడో వేరియేషన్‌కూ ఒక నియమం పెట్టుకున్నాడు. అది కానన్, అంటే ఒక గొంతు (విడిగా నడిచే ఒక్కో స్వరధారను గొంతు అంటారు) ఎత్తుకున్న వరసనే రెండో గొంతు కాస్త ఆగి అందుకుని వెంట నడవాలి. మూడోదానిలో రెండూ ఒకే స్వరం మీద మొదలవుతాయి. ఆరోదానిలో ఒక మెట్టు తేడా, తొమ్మిదోదానిలో రెండు మెట్లు, అలా పెరుగుతూ 27 దాకా వెళ్తుంది. ఇక 30లోనూ కానన్ వస్తుందని లెక్కవేసుకుని కూర్చుంటే, బాఖ్ అప్పటి జనం పాడుకునే పాటల ముక్కలు ఒకదానిలో ఒకటి కలిపి వదిలాడు. వాటిలో ఒకటి క్యాబేజీ, టర్నిప్‌ల మీద విసుక్కునే పాట. ఇంత లెక్క వేసి చివర్లో నవ్వడం పెద్దవాళ్లకే చెల్లుతుంది.

ఇక గోల్డ్‌బర్గ్ అన్న పేరు సంగతి. నిద్రపట్టని ఒక ప్రభువు కోసం, అతని దగ్గరుండే గోల్డ్‌బర్గ్ అనే కుర్రాడు రాత్రిళ్లు వాయించేందుకు బాఖ్ ఇది రాశాడని ఒక కథ ఉంది. 1802లో ఫోర్కెల్ రాసిన బాఖ్ జీవితచరిత్రలోది. కృతి అచ్చయ్యేనాటికి ఆ కుర్రాడికి 14 ఏళ్లు. అచ్చుప్రతి మీద ప్రభువుకు అంకితమన్న మాటే లేదు. కథ బాగుంది, నమ్మడం కష్టం.

రికార్డింగ్ 1955 జూన్ 10న మొదలై 16న ముగిసింది. చోటు న్యూయార్క్ 30వ వీధిలో కొలంబియా స్టూడియోగా మార్చుకున్న పాత చర్చి. నాలుగేళ్ల తర్వాత మైల్స్ డేవిస్ జాజ్ రికార్డు ‘కైండ్ ఆఫ్ బ్లూ’ పుట్టింది కూడా అక్కడే. జూన్ ఎండల్లో గూల్డ్ కోటు, మఫ్లర్ వేసుకుని వచ్చాడు. వాయించే ముందు చేతులు వేణ్నీళ్లలో నానబెట్టుకునేవాడు. కాళ్లు కోసి వాళ్ల నాన్న పొట్టిచేసిన మడత కుర్చీ తెచ్చుకున్నాడు. కంపెనీ ప్రచారానికి ఇవన్నీ బాగా పనికొచ్చాయి. నిజంగా లెక్కలోకి తీసుకోవలసింది ఒక్క కుర్చీనే. నేలకు 14 అంగుళాల ఎత్తులో కూర్చుంటే భుజం బరువు మెట్ల మీద పడదు, పని మొత్తం వేళ్లే చేయాలి. అందుకే అతని వాయింపులో ప్రతి స్వరం విడిగా, శుభ్రంగా వినబడుతుంది. మూడు గొంతులు ఒకేసారి నడుస్తున్నా దేని దారి దానిదే. బాఖ్‌కు కావలసింది సరిగ్గా అదే.

రెండో సంగతి టేపు. అంతకు కొన్నేళ్ల ముందే స్టూడియోల్లోకి వచ్చిన టేపు వల్ల ఒకే భాగాన్ని ఎన్నిసార్లయినా వాయించి, నచ్చినదాన్ని ఉంచుకోవచ్చు, రెండింటిలో మంచివి కోసి అతికించవచ్చు. చాలామందికి అది తప్పులు దిద్దుకునే సదుపాయం. గూల్డ్‌కు అది ఆలోచించుకునే సాధనం. అతడు వేరియేషన్లన్నీ ముగించాకే మొదటి ఆరియాకు వచ్చాడు. 20 టేకులు పక్కన పెట్టి 21వది ఉంచుకున్నానని ఆ తర్వాత చెప్పాడు. ఆ 20 సార్లూ తప్పు వాయించాడని కాదు. రాబోయే 30 వేరియేషన్ల రుచి ముందే బయటపెట్టకుండా ఆరియాను వీలైనంత తటస్థంగా ఉంచాలని అక్కర్లేని భావాన్ని తీసేస్తూ వచ్చాడు. కచేరీలో ఈ పని కుదరదు. 1964లో, 31 ఏళ్లకే, అతడు కచేరీలు పూర్తిగా మానేసి స్టూడియోకే పరిమితమయ్యాడంటే దాని బీజం ఇక్కడే కనబడుతుంది.

భాగాలను తిరిగి వాయించమనే గుర్తులను వదిలేయడంతో మొత్తం కృతి 38 నిమిషాల చిల్లరలో, ఒక ఎల్పీ రెండు వైపులా సరిపోయింది. వేగం మరీ ఎక్కువైందన్న ఫిర్యాదు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. గూల్డే తర్వాత ఆ పక్షాన చేరాడు. 1981లో అదే స్టూడియోలో కృతిని మళ్లీ రికార్డు చేశాడు, ఈసారి 51 నిమిషాలు. పాతదానిలో 25వ వేరియేషన్‌ను షోపాన్‌లా వాయించేశానని తనను తానే తప్పుపట్టుకున్నాడు. కొత్త రికార్డు వచ్చిన కొద్దికాలానికే, 1982 అక్టోబరు 4న, 50 ఏళ్లకే చనిపోయాడు.

రెండింటిలో ఏది గొప్ప అంటే, నా ఓటు ముందు వినడానికి 1955కి. 1981 వాయింపులో లోతు ఎక్కువే. కానీ అది కృతిని ఎరిగినవాళ్లతో మాట్లాడుతుంది. ఎరగనివాళ్లను చెయ్యి పట్టుకు లాగేది పాతదే. మొదటిసారి మొత్తం వినక్కర్లేదు. ఆరియా, తర్వాత 1, 5, 25, 30 చాలు. మధ్యలో ఎవరో కూనిరాగం తీస్తున్నట్టు వినిపిస్తే అది గూల్డ్ గొంతే, అతను మానుకోలేకపోయిన అలవాటు. ఒక్క మాట: ఫోన్ స్పీకర్‌లో వినకండి. అడుగున మంద్రస్వరాలు చెవిన పడకపోతే ఈ కృతిలో ఏది మారిందో, ఏది మారలేదో పట్టుకోలేరు. ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి.