ఆల్చిప్పలో సముద్రపు వేడి, బస్తర్ గుహలో పాత వానల జాడ

దంతెవాడలో దంతేశ్వరీ ఆలయం చెంత కలిసే శంఖిని, డంకిని నదుల నీరు ఇంద్రావతిలో చేరి, గోదావరి మీదుగా బంగాళాఖాతానికి పోతుంది. ఈ జలమార్గానికి ఒక కొసన సముద్రంలో ఆల్చిప్పలు పెరుగుతాయి. మరో కొసన బస్తర్ అడవుల్లో సున్నపురాతి గుహలు ఉన్నాయి. ఆల్చిప్పలకూ, గుహల్లో పెరిగే సున్నపు స్తంభాలకూ మూల పదార్థం ఒక్కటే. అది కాల్షియం కార్బొనేట్. ఉష్ణమాపకాలు, వర్షమాపకాలు లేని కాలపు వాతావరణాన్ని తెలుసుకునేందుకు శాస్త్రవేత్తలు ఈ రెండింటినీ ఆశ్రయిస్తున్నారు.

గుల్ల ఉష్ణమాపకం ఎలా అయింది?

ఆక్సిజన్ పరమాణువులన్నింటి బరువూ ఒకటి కాదు. అత్యధిక భాగం ఆక్సిజన్-16 కాగా, ప్రతి 500 పరమాణువుల్లో సుమారు ఒకటి బరువైన ఆక్సిజన్-18. ఆల్చిప్ప జీవి సముద్రజలం నుంచి తన గుల్లను నిర్మించుకునేటప్పుడు, నీరు ఎంత చల్లగా ఉంటే గుల్లలో ఆక్సిజన్-18 వాటా అంత పెరుగుతుంది. ఈ తేడా అతి సూక్ష్మమైనది. నీటి ఉష్ణోగ్రత 4 డిగ్రీలకు పైగా మారితే గాని, గుల్లలోని నిష్పత్తి వెయ్యింట ఒక వంతు మారదు. అయినా మాస్ స్పెక్ట్రోమీటర్ దీనిని కొలవగలదు.

ఈ సూత్రాన్ని అమెరికా రసాయన శాస్త్రవేత్త, నోబెల్ గ్రహీత హెరాల్డ్ యూరీ 1947లో ప్రతిపాదించారు. తెలిసిన ఉష్ణోగ్రతల వద్ద పెరిగిన గుల్లలను పరీక్షించి, శామ్యూల్ ఎప్‌స్టీన్ బృందం 1953లో లెక్కకు తగిన సమీకరణాన్ని రూపొందించింది.

చెట్టు మానులో వలె గుల్లలోనూ ఏటేటా వలయాలు ఏర్పడతాయి. 2006లో ఐస్‌లాండ్ తీరాన సేకరించిన ఒక ఆల్చిప్ప వయస్సు 507 ఏళ్లని వలయాల లెక్కతో తేలింది. ఆ జాతి గుల్లల వలయాలను ఒకదానితో ఒకటి జతపరచి, ఉత్తర ఐస్‌లాండ్ సముద్రానికి వెయ్యేళ్ల వార్షిక చరిత్రను పరిశోధకులు 2016లో వెలువరించారు.

చిక్కు ఎక్కడ?

గుల్లలోని నిష్పత్తి వేడిమి ఒక్కదానిపైనే ఆధారపడదు. చుట్టూ ఉన్న నీటిలో ఆక్సిజన్-18 ఎంత ఉన్నదన్నదీ ముఖ్యమే. వాన నీటిలో అది సముద్రజలంలో కంటే తక్కువ. కాబట్టి గోదావరి వంటి నది వరద కలిసే చోట పెరిగిన గుల్ల, నిజంగా లేని వేడిని ఉన్నట్లు చూపవచ్చు. అందువల్ల నీటి ఉప్పదనాన్ని వేరుగా అంచనా వేయనిదే ఉష్ణోగ్రతను నిర్ధారించడం కష్టం.

గుహలో అదే ఆధారం

సముద్రంలో చిక్కుగా తోచిన ఈ అంశమే గుహలో ఆధారమవుతుంది. లోతైన గుహలో ఉష్ణోగ్రత ఏడాది పొడవునా దాదాపు స్థిరం. అక్కడ మారేది పైనుంచి జాలువారే వాన నీరు. రుతుపవనాలు బలంగా ఉన్న ఏడాది ఆ నీటిలో ఆక్సిజన్-18 తగ్గుతుంది, బలహీనపడితే పెరుగుతుంది. చుక్క చుక్కగా నేల నుంచి పైకి పెరిగే సున్నపు స్తంభంలో ఆ మార్పు పొరలుగా నిలిచిపోతుంది.

దంతెవాడకు పొరుగున, జగదల్‌పూర్ సమీపంలోని కాంగేర్ లోయ జాతీయోద్యానంలో కుటుమ్‌సర్, దండక్ వంటి గుహలు ఉన్నాయి. దండక్ గుహలోని ఒక స్తంభాన్ని ఆశిష్ సిన్హా, ఆయన సహచరులు పరిశీలించారు. యురేనియం-థోరియం పద్ధతిలో పొరల వయస్సును నిర్ణయించి, క్రీ.శ. 600 నుంచి 1500 వరకు మధ్య భారత వర్షపాత చరిత్రను 2007లో ప్రచురించారు. 14వ శతాబ్దంలోనూ, 15వ శతాబ్ది మధ్యకాలంలోనూ దశాబ్దాల తరబడి తీవ్ర వర్షాభావం నెలకొన్నదని ఆ పొరలు తెలిపాయి. దేశ చరిత్రలోని కొన్ని ఘోర క్షామాలు ఆ కాలానివే. దక్కనును పీడించిన దుర్గాదేవి కరవు 14వ శతాబ్ది చివరలో మొదలైంది.

నేటికి ఎందుకు ముఖ్యం?

భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. మనకున్న క్రమబద్ధమైన వర్షపాత లెక్కలు సుమారు నూట యాభై ఏళ్లవే. రుతుపవనాలు ఎంతగా ఒడుదొడుకులకు లోనుకాగలవో ఈ స్వల్పకాలపు లెక్కలు తక్కువగా చూపుతున్నాయని దండక్ పరిశోధన స్పష్టం చేసింది. జలాశయాలకూ, కరవు ప్రణాళికలకూ ఈ లెక్కలే ప్రాతిపదిక. ఒకటి రెండేళ్ల కరవును తట్టుకునే ఏర్పాట్లు ఇరవై ఏళ్ల కరవుకు చాలవు. వాననే నమ్ముకొని వరి పండించే బస్తర్ రైతుకు గానీ, దిగువన గోదావరి ఆయకట్టు రైతుకు గానీ ఇది పాత కథ కాదు.

ఈ ఆధారాలను కాపాడుకోవడమూ అవసరమే. సున్నపు స్తంభం ఏడాదికి మిల్లీమీటరులో కొద్ది వంతు మాత్రమే పెరుగుతుంది. సందర్శకుని చేతిలో విరిగిన ముక్కతో పాటు, మరెక్కడా నమోదు కాని శతాబ్దాల వానల లెక్క కూడా పోతుంది.