కిరణాలు గీయని స్లైడు

పదో తరగతి పిల్లలకు కటకాల పాఠం చెప్పే రోజు నా స్లైడు మీద పెద్దగా ఏమీ ఉండదు. ఒక కుంభాకార కటకం, ప్రధానాక్షం, దాని మీద నాభుల గుర్తులు, ఎడమవైపు నాభికి అవతల నిలబెట్టిన బాణం, అంతే. కిరణాలు ఒక్కటీ గీసి పెట్టను. అవి పిల్లలు చూస్తుండగా పడాలి.

పటం మొత్తం ముందే గీసి చూపిస్తే ఏ గీత ముందు వచ్చింది, దేన్నిబట్టి ఏది వచ్చింది అన్నది అందులో కనపడదు. పిల్లలు దాన్ని ముగ్గు దించుకున్నట్టు దించుకుంటారు. పరీక్షలో ఆ బాణాన్ని కాస్త జరిపి అడిగితే చెయ్యి ఆగిపోతుంది.

అందుకే బాణం మొన నుంచి అక్షానికి సమాంతరంగా ఒక గీత లాగి, కటకం దగ్గర ఆపేస్తాను. ‘ఇక్కణ్ణుంచి ఎటు పోతుందో చెప్పండర్రా’ అంటాను. ‘నాభిలోంచి మేడమ్’ అని వినపడ్డాకే మిగతా గీత. రెండో కిరణం దృక్ కేంద్రం గుండా వంగకుండా పోతుంది. రెండూ కలిసిన చోట తలకిందులుగా ప్రతిబింబం.

అసలు ప్రశ్న అప్పుడు అడుగుతాను. కటకం పైసగాన్ని అట్టముక్కతో మూసేస్తే ప్రతిబింబం ఏమవుతుంది? సగమే కనిపిస్తుందని ఎక్కువమంది అంటారు. కటకం పైసగం మీద నల్లరంగు పులుముతాను. మొదటి కిరణానికి దారి మూసుకుపోయింది. ఇప్పుడు బాణం మొన నుంచి ఇవతలి నాభి గుండా మూడో కిరణం గీస్తాను. అది అక్షం దాటి కిందికి దిగి, కటకం కిందిసగంలోకి పోయి, అక్షానికి సమాంతరంగా బయటికొచ్చి, సరిగ్గా పాత చోటికే చేరుతుంది. ప్రతిబింబం మొత్తం ఉంది, వెలుగు మాత్రమే తగ్గింది. వెంటనే భూతద్దం పట్టుకుని కిటికీ బొమ్మను తెల్లకాగితం మీద పడేసి, అద్దంలో సగం మూసి చూసుకుంటారు. ముందే గీసి తెచ్చిన పటంతో ఈ మలుపు తిరగలేం.

స్లైడు మీద గీస్తూ చెప్పడం కొత్తేమీ కాదు. 1987లో మెకింతోష్ కంప్యూటర్ కోసం మొదటి పవర్‌పాయింట్ వచ్చినప్పుడు అది చేసిన పని, ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద పెట్టే పారదర్శక షీట్ల కోసం పేజీలు తయారుచేయడం. ఆ షీట్ల మీద మార్కర్‌తో రాస్తూ చెప్పేవారు. తర్వాత షీటు పోయి కంప్యూటరే ప్రొజెక్టరుకు తగులుకుంది, చేతిలో క్లిక్కర్ మిగిలింది. చాలామందికి రాయడం అక్కడే ఆగిపోయింది.

రాయడానికి వీలు మాత్రం అందులోనే ఉంది. విండోస్ కంప్యూటర్లో స్లైడ్‌షో నడుస్తుండగా కంట్రోల్ పట్టుకుని ‘పి’ నొక్కితే పెన్ను వస్తుంది, ‘ఐ’ నొక్కితే హైలైటర్. కంట్రోల్ లేకుండా ‘ఇ’ నొక్కితే గీసినవన్నీ చెరిగిపోతాయి, అడుగున స్లైడు అలాగే ఉంటుంది. పెన్ను ఉన్నంతసేపూ క్లిక్ చేస్తే చుక్క పడుతుందే తప్ప స్లైడు మారదు. కీబోర్డు మీద కుడి బాణం నొక్కి ముందుకెళ్లాలి. కంట్రోల్‌తో ‘ఏ’ నొక్కితే మళ్లీ మామూలు బాణం గుర్తు. మౌస్‌తో గీత, సున్నా బాగానే వస్తాయి, అక్షరాలు రావు. అక్షరాలు కావాలంటే పెన్ టాబ్లెట్ ఉండాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని పిల్లలు, ముఖ్యంగా మగపిల్లలు, తరగతిలో ఉండొచ్చు కనుక ఆ రెండు రంగులనూ పక్కపక్కన వాడను.

లోగన్ ఫియోరెల్లా, రిచర్డ్ మేయర్ అనే పరిశోధకులు 2016లో ప్రచురించిన ప్రయోగాలు గీస్తూ చెప్పే విషయంలో నాకు బాగా పనికొచ్చాయి. డాప్లర్ ప్రభావం గురించి చిన్న వీడియో పాఠం. కొందరికి గీసి ఉంచిన పటాలు చూపారు, కొందరికి గీస్తూ చెప్పారు. గీసే చెయ్యి కనిపించినప్పుడు, నేర్చుకున్నదాన్ని కొత్త ప్రశ్నలకు వాడటంలో రెండోవాళ్లు మెరుగ్గా ఉన్నారు. చెయ్యి కనపడకుండా గీతలు వాటంతటవే పడుతున్నట్టు చూపినప్పుడు మాత్రం చెప్పుకోదగ్గ లాభం రాలేదు. మూల కూర్చుని మౌస్ కదిపే మాలాంటి టీచర్లు పట్టించుకోవాల్సిన సంగతి ఇది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో పెట్టిన పెద్ద టచ్ ప్యానెళ్లను నేను ఇష్టపడేది ఇందుకే. వాటి ముందు నిలబడి రాస్తాం, చెయ్యి ఎటు పోతోందో వెనక బెంచీకీ తెలుస్తుంది. వాటిని వీడియోలు చూపడానికే వాడితే నాకు బాధేస్తుంది.

షో ముగించేటప్పుడు గీతలు ఉంచాలా, తీసేయాలా అని పవర్‌పాయింట్ అడుగుతుంది. ఆ రోజు బడికి రానివాళ్ల కోసం ఉంచుతాను. ఇంటిపనికి మాత్రం వేరే స్లైడు పంపుతాను. అందులో వస్తువు నాభికీ కటకానికీ మధ్యన ఉంటుంది. కటకం దాటాక ఆ కిరణాలు కలవవు, వెనక్కి పొడిగించి చూడాలి. అది ఎవరికి తడితే వాళ్లు మర్నాడు ప్యానెల్ దగ్గరికి వచ్చి మిగతా తరగతికి గీసి చెబుతారు.