కొల్లేటిని చూపిన పుస్తకం

ఏలూరు నుండి కైకలూరు వెళ్ళే దారిలో ఇరువైపులా నీరు, గట్టు, మళ్ళీ నీరు కనిపిస్తాయి. ఆ ప్రాంతంలో పుట్టి పెరిగిన నేటి కళాశాల విద్యార్థికి కొల్లేరు అనగానే చేపల చెరువులే మనసులో మెదలుతాయి. అది ఒకప్పుడు గట్లు లేని ఒకే సరస్సు అన్న సంగతి అతడు పాఠ్యపుస్తకంలో చదివే ఉంటాడు. కానీ తెలియడం వేరు, మనసుకు పట్టడం వేరు. ఆ పని ఇష్టపడి చదివిన గ్రంథం చేయగలదు.

అక్కినేని కుటుంబరావు రచించిన 'కొల్లేటి జాడలు' అటువంటి నవల. రచయిత చలనచిత్ర దర్శకుడు కూడా. కొల్లేటి గ్రామంలోని బాల్యం, సరస్సును ఉమ్మడి సొత్తుగా భావించిన ప్రజల జీవనం ఇందులో ప్రధానం. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు తెచ్చే వరదను కొల్లేరు తనలో ఇముడ్చుకొని, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపుతుంది. వానకాలంలో చేపలు, నీరు తీసిన నేలలో వరి. ఈ క్రమాన్ని అనుసరించి బ్రతికిన ఊళ్ళు క్రమంగా ఎలా మారాయో నవల చెబుతుంది. వసంత్ కన్నబిరాన్ దీనిని ఆంగ్లంలోకి అనువదించారు.

ఈ నవలను చదివే విద్యార్థి చేపల చెరువు ఆదాయంతోనే చదువుకుంటున్నవాడైతే? అక్కడే చిక్కు మొదలవుతుంది. 1970వ దశకంలో ప్రభుత్వమే సహకార సంఘాల ద్వారా పేద కుటుంబాలకు చెరువులను ఇచ్చింది. తరువాత వాటిలో అనేకం కౌలు రూపంలో ధనవంతుల చేతుల్లోకి వెళ్ళాయి. 1999లో సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత వరకు ఉన్న ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో ఆ గీత లోపలి చెరువుల గట్లను యంత్రాలతో తెగగొట్టారు. సరస్సు బ్రతకాలన్న న్యాయం ఒకవైపు, ఉపాధి పోయిన కుటుంబాల వేదన మరొకవైపు. సరిహద్దును మూడు అడుగుల గీతకు తగ్గించాలని 2008లో రాష్ట్ర శాసనసభ తీర్మానం కూడా చేసింది. నవల ఈ తగవును తీర్చదు. తీర్చనక్కరలేదు కూడా. తన ఇంటి బ్రతుకును మరొక ఒడ్డు నుండి చూసే అలవాటును అది పాఠకునికి ఇస్తుంది. తన అభిప్రాయాన్నే తిరిగి వినిపించే పుస్తకం ప్రియమైనదే కావచ్చు గాని, అది ఆలోచనను పెంచదు.

రేచల్ కార్సన్ 1962లో ప్రచురించిన 'సైలెంట్ స్ప్రింగ్' అమెరికాలో ఇటువంటి కలతనే రేపింది. పురుగుమందుల వలన పక్షులు నశిస్తున్నాయని ఆమె వ్రాయగా, రసాయన పరిశ్రమ తీవ్రంగా ఎదిరించింది. పదేళ్ళకు, 1972లో, అక్కడ వ్యవసాయంలో డి.డి.టి. వాడకాన్ని నిషేధించారు. ఆటపాక వద్ద గూడబాతులను చూసినవారికి ఆ గ్రంథం దూరదేశపు కథగా తోచదు.

చలనచిత్రానికీ ఈ శక్తి ఉన్నది. చలం కథ ఆధారంగా గూడవల్లి రామబ్రహ్మం 1938లో తీసిన 'మాలపిల్ల' అస్పృశ్యతను తెరమీదనే ప్రశ్నించింది. చిత్రశాల చీకటిలో ప్రక్కప్రక్కన కూర్చున్నవారు ఒకే ప్రశ్నను ఒకేసారి ఎదుర్కోవడం పుస్తకానికి లేని సౌకర్యం. తాడేపల్లిగూడెంలో హాస్యనటుడు రేలంగి వెంకట్రామయ్య థియేటరు కట్టించిన కాలంలో సినిమా చూడటం ఊరందరి పని. నేడు ధారావాహికను చేతిలోని ఫోనులో ఒంటరిగా చూస్తున్నారు. పాడ్‌కాస్టు మాత్రం విజయవాడ ఆకాశవాణి నాటికలకు వారసురాలే. పని చేసుకుంటూ వినవచ్చు. అయితే విన్న మాట త్వరగా జారిపోతుంది, వెనుకకు తిప్పి చదివే పుట అందులో లేదు.

'కొల్లేటి జాడలు' పూర్తిచేసిన విద్యార్థికి ఇంట్లోనే మరికొంత చదువు మిగిలి ఉంటుంది. తాతగారు సరస్సులో ఎక్కడ వల వేశారు, నాన్నగారు చెరువును ఏ షరతులకు కౌలుకిచ్చారు, గట్లు తెగిన నాడు అమ్మ ఏమన్నది? ఆ సంగతులు ఏ నవలలోనూ దొరకవు.