పైపులైను తవ్వకానికి ముందే అరుదైన మొక్కల సర్వే: సరైన ఋతువులో జరిగితేనే ప్రయోజనం

సహజవాయువు, పెట్రోలియం ఉత్పత్తులు, తాగునీరు సుదూర ప్రాంతాలకు చేరవేయడానికి భూగర్భ పైపులైన్లు అత్యంత అనువైన సాధనాలు. కాకినాడ సమీపంలోని గాడిమొగ నుండి గుజరాత్‌లోని భరూచ్ వరకు సుమారు 1,400 కిలోమీటర్ల పొడవున నిర్మించిన తూర్పు–పశ్చిమ గ్యాస్ పైపులైను 2009లో వినియోగంలోకి వచ్చింది. ఇటువంటి నిర్మాణాలు పొలాలు, వాగులు, చిట్టడవులు, కొండవాలులు దాటుకుంటూ సాగుతాయి. ఆ మార్గంలో మరెక్కడా దొరకని మొక్క ఉన్నట్లయితే దానిని గుర్తించవలసిన సమయం తవ్వకానికి ముందు మాత్రమే. గుర్తింపు సర్వే జరగడం ఎంత ముఖ్యమో, అది ఏ నెలలో జరిగిందన్నది కూడా అంతే ముఖ్యం.

పైపు సన్నం, ప్రభావం విస్తృతం

పైపు వ్యాసం మీటరుకు అటూఇటూగా ఉన్నప్పటికీ దానిని పూడ్చడానికి కావలసిన స్థలం అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. కందకం, తవ్విన మట్టి కుప్పలు, పైపులను వరుసగా పరచి వెల్డింగ్ చేసే చోటు, యంత్రాలు నడిచే దారి అన్నీ కలిసి ఒక పొడవైన పట్టీ ఏర్పడుతుంది. 20 మీటర్ల వెడల్పు గల పట్టీ ప్రతి కిలోమీటరుకు 2 హెక్టార్ల భూమిని ఆక్రమిస్తుంది. దీనికి తోడు పైపుల నిల్వ స్థలాలు, తాత్కాలిక రహదారులు, పీడన పరీక్ష అనంతరం నీటిని వదిలే ప్రదేశాలు కూడా ప్రభావిత ప్రాంతాలే. సర్వే కందకం గీతకే పరిమితమైతే వీటిలోని మొక్కలు లెక్కకు రావు.

పెట్రోలియం, ఖనిజ పైపులైన్ల చట్టం, 1962 ప్రకారం భూమి యాజమాన్యం పూర్వపు హక్కుదారుకే ఉంటుంది. పైపు వేసే సంస్థకు భూమి వినియోగ హక్కు మాత్రమే సంక్రమిస్తుంది. అయితే అదే చట్టంలోని 9వ సెక్షన్ ఆ పట్టీలో భవనాలు కట్టడం, చెరువులు, బావులు తవ్వడం, చెట్లు నాటడం నిషేధించింది. వేర్లు పైపు పూతను దెబ్బతీయకుండా ఈ నిబంధన అవసరమే. కానీ దాని పర్యవసానం గమనించదగినది. ఆ పట్టీలో నరికిన అరుదైన చెట్టును తిరిగి అదే చోట నాటే అవకాశం ఉండదు.

శేషాచలం చెప్పే ఉదాహరణ

తూర్పు కనుమల దక్షిణ భాగంలోని శేషాచలం కొండలు ఈ విషయాన్ని స్పష్టంగా వివరిస్తాయి. నాటి చిత్తూరు, కడప జిల్లాల పరిధిలో సుమారు 4,756 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 2010లో శేషాచలం జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. ఎర్రచందనంతో పాటు తంబ జాలారి, మొగి, తెల్ల కరక, కొండ సాంబ్రాణి వంటి వృక్షాలకు ఈ కొండలు, పరిసర శ్రేణులు ప్రధాన ఆవాసాలు. ఇవి పెద్ద చెట్లు కనుక అనుభవజ్ఞులు ఏడాది పొడవునా గుర్తించగలరు.

పేరిత విషయం వేరు. సైకస్ బెడ్డోమి అనే శాస్త్రీయ నామం గల ఈ మొక్క చూడటానికి పొట్టి ఈత మొక్కను పోలి ఉంటుంది. మద్రాసు రాజధానిలో అటవీ అధికారిగా పనిచేసిన బెడ్డోమ్ పేరు మీదుగా 1883లో దీనికి నామకరణం జరిగింది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణ ద్వారా ఆరవ షెడ్యూలులో రక్షిత మొక్కలను చేర్చినప్పుడు అందులోని ఆరు పేర్లలో ఇది ఒకటి. 2022 సవరణ అనంతరం రక్షిత మొక్కల పట్టిక మూడవ షెడ్యూలుగా మారింది. అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం మొదటి అనుబంధంలో కూడా ఈ మొక్కకు స్థానం ఉంది.

పేరితలో ఆడ, మగ మొక్కలు వేరువేరుగా ఉంటాయి. మగ మొక్క శంకువులను మదనమస్తు పేరిట ఔషధంగా అమ్మడం వల్ల అవి ఎక్కువగా కోతకు గురయ్యాయి. మగ మొక్కలు కొరవడిన చోట ఆడ మొక్కలు ఎన్ని ఉన్నా విత్తనం ఏర్పడదు. అందువలన సర్వే నివేదికలో మొక్కల సంఖ్యతో పాటు ఆడ, మగ, లేత మొక్కల వివరాలు వేర్వేరుగా ఉండాలి. వేసవి మంటలలో ఆకులు కాలిపోయిన పేరిత నల్లని మోడులా కనిపిస్తుంది. తెలియనివారు దానిని ఎండిన కట్టెగా భావించి వదిలివేసే ప్రమాదం ఉంది.

దుంప మొక్కలను గుర్తించడం మరింత కష్టం. తిరుమల కొండలలో పెరిగే అడవి కొత్తిమీర, అనగా పింపినెల్లా తిరుపతియెన్సిస్, దుంపవేరు గల చిన్న మొక్క. బ్రాకిస్టెల్మా, సిరోపీజియా ప్రజాతులకు చెందిన పలు మొక్కలు, నేలపై పెరిగే ఆర్కిడ్లు కూడా వానలకు మొలకెత్తి, పూచి, కాచి, కొద్ది నెలలలోనే నేలపై కనుమరుగవుతాయి. మిగిలిన కాలమంతా ప్రాణం భూమి లోపలి దుంపలో ఉంటుంది. ఏప్రిల్ నెలలో అదే నేలపై నడిచిన నిపుణునికి ఎండుగడ్డి, రాళ్లు తప్ప మరేమీ కనిపించవు.

నిబంధనలలో ఉన్న ఇబ్బంది

2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ప్రకారం జాతీయ పార్కులు, అభయారణ్యాలు, పగడపు దిబ్బలు, పర్యావరణ సున్నిత ప్రాంతాల గుండా వెళ్ళే చమురు, గ్యాస్ పైపులైన్లు ‘ఎ’ వర్గం కిందకు వస్తాయి. వాటికి కేంద్రస్థాయిలో ముందస్తు పర్యావరణ అనుమతి తప్పనిసరి. అటవీ భూమి మళ్ళింపునకు 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద వేరుగా అనుమతి అవసరం. ఈ చట్టానికి 2023 సవరణతో వన సంరక్షణ, సంవర్ధన అధినియమం అని పేరు మారింది. అటవీ అనుమతి దరఖాస్తులో డివిజనల్ అటవీ అధికారి పూరించే భాగంలో, ఆ ప్రాంతంలో అరుదైన, అంతరించే ప్రమాదం గల వృక్ష, జంతుజాతులు ఉన్నవా అన్న ప్రశ్న ఉంటుంది. అధికారి ఇచ్చే సమాధానం ఒక్క మాటే అయినా దాని వెనుక ఉండవలసిన క్షేత్ర పరిశీలన చిన్నది కాదు.

ఇబ్బంది ఋతువు వద్ద ఎదురవుతుంది. గాలి నాణ్యత వంటి ప్రాథమిక గణాంకాలను సాధారణంగా వర్షాకాలం కాని ఒక ఋతువులో సేకరిస్తారు. వర్షానికి ధూళి అణగిపోతుంది కనుక గాలి కొలతలకు ఆ పద్ధతి సరైనదే. అదే పర్యటనలో వృక్షజాతుల జాబితా కూడా తయారుచేస్తే దుంప మొక్కలు, ఏకవార్షికాలు జాబితాకు ఎక్కవు. అప్పుడు నివేదికలో ‘అరుదైన మొక్కలు లేవు’ అని కనిపించే వాక్యానికి ‘ఆ నెలలో కనిపించలేదు’ అన్నంత మాత్రమే అర్థం. ఈ రెండింటి మధ్య తేడాను గుర్తించడమే సర్వే నివేదిక పరిశీలనలో ప్రధానాంశం.

సర్వే జరిగే విధానం

మొదటి దశ కార్యాలయంలోనే ప్రారంభమవుతుంది. ప్రతిపాదిత మార్గం సమీపంలో గతంలో ఏయే మొక్కలు నమోదయ్యాయో పాత గ్రంథాలు, ఎండు నమూనాల భాండాగారాల నుండి సేకరిస్తారు. హైదరాబాద్‌లోని భారత వృక్ష సర్వేక్షణ సంస్థ దక్కన్ ప్రాంతీయ కేంద్రం, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఇందుకు ముఖ్య ఆధారాలు. నేల, శిల, ఎత్తు, వాలు ఆధారంగా ఏ మొక్క ఎక్కడ ఉండే అవకాశం గలదో, అది ఏ నెలలో పూస్తుందో తెలిపే పట్టిక సిద్ధం చేస్తారు.

రెండవ దశ పోలిక స్థలం పరిశీలన. వెతుకుతున్న మొక్క ఖచ్చితంగా ఉన్నదని ముందే తెలిసిన చోటుకు వెళ్ళి, ఆ ఏడాది అది మొలకెత్తినదో లేదో చూస్తారు. వానలు ఆలస్యమైన సంవత్సరంలో తెలిసిన చోటనే మొక్క కనిపించకపోతే, పైపులైను మార్గంలో కనిపించకపోవడానికి విలువ ఉండదు. అట్టి సందర్భంలో సర్వేను వాయిదా వేయడమే సరైన నిర్ణయం.

మూడవ దశలో బృందం మార్గం పొడవునా సమాంతర వరుసలలో నడుస్తుంది. రాయలసీమకు నైరుతి, ఈశాన్య ఋతుపవనాలు రెండింటి వర్షం అందుతుంది కనుక ఒకసారి వానలలో, మరొకసారి వాన వెలిసిన తరువాత పరిశీలించడం మంచిది. చెట్ల పూత, కాతను బట్టి నిర్ధారణ అవసరమైన చోట మరో పర్యటన జరపాలి. కనిపించిన ప్రతి సమూహానికి స్థాన సూచికలు, సంఖ్య, ఎదుగుదల దశ, ఛాయాచిత్రాలు నమోదు చేస్తారు. అరుదైన మొక్కను పెకలించి నమూనాగా తేవడం సమ్మతం కాదు. నల్లమలలో చెంచులు, శేషాచలం పరిసరాలలో యానాదులు స్థానిక పేర్లతో మొక్కల ఉనికిని, అవి కనిపించే కాలాన్ని చెప్పగలరు. వారి సమాచారాన్ని ఆరంభంలోనే తీసుకుంటే బృందానికి సమయం కలిసివస్తుంది.

మొక్క దొరికితే ఏమి చేయాలి

మొక్క దొరికినంత మాత్రాన పథకం ఆగిపోవాలని కాదు. పైపులైనుకు ఆనకట్టకు లేని ఒక వెసులుబాటు ఉంది: మార్గాన్ని కొంత పక్కకు జరపవచ్చు. పటం మీద గీత మారిస్తే సరిపోయే దశలో ఇందుకు ఖర్చు స్వల్పం. అది సాధ్యం కానప్పుడు ఆ మేరకు పట్టీ వెడల్పు తగ్గించడం, నేల అడుగున అడ్డంగా రంధ్రం తొలిచి పైపును దాటించడం వంటి మార్గాలు ఉన్నాయి. పై పొర మట్టిలోనే దుంపలు, విత్తనాలు ఉంటాయి కనుక దానిని వేరుగా నిల్వచేసి, పూడ్చేటప్పుడు తిరిగి పైనే పరచాలి. వయ్యారిభామ వంటి కలుపు విత్తనాలు చేరకుండా యంత్రాలను కడిగిన తరువాతే అడవిలోకి అనుమతించాలి.

మొక్కను మరొక చోటికి తరలించి నాటడం చిట్టచివరి మార్గం మాత్రమే. పేరిత వంటి నిదానంగా పెరిగే మొక్క నాటిన ఏడాది పచ్చగా కనిపించినా నిలదొక్కుకున్నట్లు భావించరాదు. తరలింపు జరిగిన చోట కొన్నేళ్లపాటు పర్యవేక్షణ, అందుకు నిధులు, బాధ్యుల నియామకం ముందే ఖరారు కావాలి.

కలివికోడి నేర్పిన పాఠం

ముందస్తు పరిశీలన లోపిస్తే ఏమవుతుందో కడప జిల్లా అనుభవం చెబుతోంది. అంతరించిపోయిందని భావించిన కలివికోడి 1986లో రెడ్డిపల్లె సమీపంలో తిరిగి కనిపించింది. దాని రక్షణకు శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. అయినప్పటికీ 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం పనులు ఆ పక్షి నివసించే చిట్టడవిలోకి ప్రవేశించాయి. పనులు ఆపి, తరువాత కాలువ మార్గాన్ని మార్చవలసి వచ్చింది. ముళ్లపొదల నేలను పనికిరాని బంజరుగా చూడటమే ఆ పొరపాటుకు మూలం. కాలువకైనా, పైపులైనుకైనా ఈ పాఠం ఒక్కటే.

నివేదికలో గమనించవలసిన అంశాలు

అనుమతులు పరిశీలించే అధికారులు, వార్తలు రాసే పాత్రికేయులు ఏ సర్వే నివేదికలోనైనా కొన్ని విషయాలు తప్పక చూడాలి. పరిశీలన ఏయే తేదీలలో జరిగింది. ఎందరు, ఎన్ని రోజులు, ఎన్ని కిలోమీటర్లు నడిచారు. వారిలో వృక్షశాస్త్ర నిపుణులు ఎవరు. పోలిక స్థలంలో మొక్క కనిపించిందా. తాత్కాలిక రహదారులు, నిల్వ స్థలాలు సర్వేలో చేరాయా అన్నవి అందులో ముఖ్యమైనవి. ఈ వివరాలు లేని ‘లేవు’ అనే సమాధానాన్ని అసంపూర్ణంగానే పరిగణించాలి.

వార్తాకథనాలలో ఒక జాగ్రత్త కూడా అవసరం. పేరిత, ఎర్రచందనం వంటి వాటికి దొంగచాటు గిరాకీ ఉన్నందున అవి ఉన్న చోటు అక్షాంశ, రేఖాంశాలు ప్రచురించరాదు. మండలం లేదా కొండశ్రేణి పేరుతో సరిపెట్టి, ఖచ్చితమైన స్థాన వివరాలు అటవీశాఖ వద్ద మాత్రమే ఉండేలా చూడాలి.

పైపులైను పథకాల రూపకల్పనకు నెలలు, సంవత్సరాలు పడుతుంది. ఆ వ్యవధిలో ఒక వర్షాకాలాన్ని మొక్కల సర్వేకు కేటాయించడం వల్ల పనుల్లో జాప్యం ఉండదు. ఆ పని టెండర్లకు ముందే పూర్తయితే మార్గం మార్పు కాగితం మీదనే ముగుస్తుంది. కందకం తవ్విన తరువాత తెలిసినట్లయితే అప్పటికే ఆ దుంప మట్టికుప్పలో ఉంటుంది.