పాదాలంటే భయం

పెద్దల పాదాలకు నమస్కరించడం మర్యాదగా భావించే మన దేశంలో, పాదాన్ని చూడగానే గుండె దడదడలాడి ముచ్చెమటలు పోసేవారి అవస్థ చెప్పనలవి కాదు. అత్తమామల కాళ్ళకు మ్రొక్కలేక వెనుకంజ వేసిన కొత్తకోడలికి పొగరుబోతన్న పేరు వస్తుంది. అది పొగరు కాదు. వైద్యులు ‘పోడోఫోబియా’ అని పిలిచే భయం.

దీనిని పెంచి పోషించేది తప్పించుకు తిరగడమే. తప్పుకొన్న ప్రతిసారీ కలిగే ఊరట, పాదం ప్రమాదకరమన్న భ్రమను మరింత బలపరుస్తుంది. కనుక చికిత్స అందుకు ఎదురుదారిన నడుస్తుంది. 1958లో జోసెఫ్ వోల్పే తన గ్రంథంలో వివరించిన పద్ధతిలో, రోగి ముందుగా ఒళ్ళు సడలించుకోవడం నేర్చి, తన భయాలను చిన్నదానినుండి పెద్దదానివరకు వరుసగా ఊహలో ఎదుర్కొంటాడు. నేటి వైద్యులు ప్రత్యక్షానుభవానికే ప్రాధాన్యమిస్తున్నారు. మొదట పాదం బొమ్మ; తరువాత తన పాదమే; ఆపైన గదికి ఆ చివర కూర్చున్న మనిషి పాదం; చిట్టచివర స్పర్శ. ఒక్కొక్క మెట్టుపై భయం తగ్గేదాకా నిలవాలి. ఇదంతా ఒకే విడతలో, మూడు గంటలలోపు ముగించే విధానాన్ని 1989లో స్వీడన్ మనోవైజ్ఞానికుడు లార్స్ యోరాన్ ఓస్ట్ వివరించాడు.

మత్తుమాత్రలు ఆ పూటకు నెమ్మదినిస్తాయిగాని భయాన్ని తొలగించవు. పైపెచ్చు అలవాటు పడే ప్రమాదముంది. ఇక ఇంట్లోవారు వేళాకోళానికి కాలు ముందుకు చాచడమంటారా, అది చికిత్స కానే కాదు. అడుగు వేసేది రోగి ఇష్టంతోనే.