మాయలోకానికీ శివారు ఊళ్ళుంటాయి

బొమ్మ ఎవరి చేతిలో ఉంటే పాతాళభైరవి వాళ్ళ మాటే వింటుంది. తోటరాముడు మంచివాడనీ, నేపాళ మాంత్రికుడు దుర్మార్గుడనీ ఆ దేవత తేడా చూపదు. అంతటి మాంత్రికుడి శక్తీ గడ్డంలో ఉంది. గడ్డం తీస్తే శక్తి పోతుంది. 1951లో కె.వి.రెడ్డి తీసిన ‘పాతాళభైరవి’ సినిమాను జనం నేటికీ నమ్మి చూస్తున్నారంటే ఈ కట్టుబాట్ల వల్లే. మాయకు హద్దు గీశారు కాబట్టే రాముడి తెలివికి చోటు దొరికింది.

ఆ కథ రాసిన పింగళి నాగేంద్రరావు బందరులో పెరిగినవారు. 1957 నాటి ‘మాయాబజార్’కూ ఆయనే రచయిత. ద్వాపరయుగం కథ, పెళ్ళివారి మర్యాదల సందడి, ఆ హడావిడిలో గోంగూర ప్రస్తావన! శాస్త్రం ఒప్పుతుందా అని ఎవరూ అడగలేదు. ఆ ఒక్క కూరతో ఘటోత్కచుడి లోకం మన వంటింటిదాకా వచ్చేసింది.

‘చందమామ’ సీరియళ్ళతో రెండు మూడు తరాల పిల్లలను కట్టిపడేసిన దాసరి సుబ్రహ్మణ్యం తెనాలి ప్రాంతం మనిషి. 1954లో మొదలైన ‘తోకచుక్క’లో సేనాని సమరసేనుడు ఇద్దరు మాంత్రికుల మధ్య ఇరుక్కుంటాడు. చతుర్నేత్రుడికీ, ఏకాక్షికీ ఒకరంటే ఒకరికి పడదు. సమరసేనుడు రాకముందే వాళ్ళ పగ ఉంది. హీరో కోసం ఎదురుచూస్తూ కూర్చోని లోకం అది. ఇంత రాసినా ఆ సీరియళ్ళ మీద ఆయన పేరు పడలేదు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఇలాంటి లోకాన్ని ఆటగా ఆడుకోవచ్చు కూడా. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ తెచ్చారు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. గేమ్ మాస్టర్ లోకాన్ని వర్ణిస్తాడు, మిగిలినవాళ్ళు పాత్రలై ఏం చేస్తామో చెబుతారు, అనుమానం ఉన్నచోట పాచికలు తేలుస్తాయి. బెజవాడలో ఎవరైనా ఈ ఆట ఆడించాలనుకుంటే మంచు కోటలూ, ఓక్ అడవులూ అరువు తెచ్చుకోవడం దేనికి? ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి దిగువకు చూస్తే చాలు.

1852లో మొదలై 1855కు పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగింది. దాని స్థానంలో 1957లో ఈ బ్యారేజీ వచ్చింది. దీని కింద 12 లక్షల ఎకరాలకు పైగా సాగు. నీళ్ళు వదిలితే ముందు ఎగువ పొలాలు తడుస్తాయి. నాగాయలంక, కోడూరు వైపు శివారు రైతు కాలవ గట్టున కూర్చుని ఎదురుచూస్తాడు. నీరు చాలని ఏడు వంతులు పెడతారు. కాలవ లస్కరు షట్టరు ఎంత ఎత్తాడు, రాత్రిపూట ఎవరు దించారు, తూము దగ్గర ఎవరెవరికి మాటామాటా పెరిగింది, ఇవన్నీ ఊరంతా చెప్పుకుంటుంది.

ఇప్పుడు నదిని ఒక యక్షిణి కాపలా కాస్తోందనుకోండి. నీళ్ళు వదలడానికి ఆమె బంగారం అడగదు, ఊరికో జ్ఞాపకం అడుగుతుంది. ఎగువ ఊళ్ళవాళ్ళు పనికిరాని జ్ఞాపకాలిచ్చి పని జరుపుకుంటారు. శివారు ఊళ్ళో ఇవ్వడానికి మిగిలింది ఉప్పెన జ్ఞాపకం ఒక్కటే. అది ఇచ్చేస్తే గాలివాన ముందు ఎటు పరుగెత్తాలో కూడా మరిచిపోతారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేల ప్రాణాలు తీసింది. ఆ విషాదాన్ని ఆటవస్తువు చేయమనడం లేదు. ఉప్పునీరు ఎక్కిన పొలం అంత తేలిగ్గా మళ్ళీ పండదనీ, అక్కడివాళ్ళు మబ్బును చూసే చూపే వేరనీ తెలిసినవాడు ఆడిస్తే, బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు షట్టరు మీద చెయ్యి వేసేముందు ఆగుతారు.

ఆగి, చివరికి ఏదో ఒకటి చేస్తారు. ఎగువ ఊరికి మాటిచ్చి షట్టరు దించేశారే అనుకోండి. వచ్చే ఆదివారం మళ్ళీ ఆటకు కూర్చునేసరికి శివారు ఊళ్ళో నారుమళ్ళు ఎండాయా, ఎవరు ఊరు విడిచి వెళ్ళారు, టీ కొట్టువాడు వీళ్ళకు అరువు పెడతాడా లేదా అన్నది గేమ్ మాస్టర్ నోటుపుస్తకంలో రాసి ఉండాలి.